హెచ్‌పి 3478ఏ మీటర్‌కి ఆర్డ్యునోతో జీపీఐబీ: నా అనుభవం

2024 నవంబరు 16, శనివారం. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ఒక పాత సామాన్ల షాపులో హెచ్‌పి 3478ఏ మల్టీమీటర్ కొన్నాను. 9,500 రూపాయలు. ఆర్డ్యునో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో, జీపీఐబీ (కొలత పరికరాల్ని కంప్యూటర్‌కి కలిపే పాత బస్) ద్వారా దాన్ని నా ల్యాప్‌టాప్‌తో మాట్లాడించి, లోపలి కాలిబ్రేషన్ అంకెల్ని (కొలత సరిగ్గా రావడానికి మీటర్ వాడే సవరణల్ని) బయటికి తీసి, బ్యాటరీ మార్చేసరికి ఫిబ్రవరి వచ్చేసింది. మధ్యలో చాలా చోట్ల ఆగిపోయాను. ఎక్కడ ఎందుకు ఆగానో రాస్తే, ఇలాంటి మీటరే కొన్న ఇంకొకరికి కనీసం సగం టెన్షన్ తగ్గుతుంది. మిగతాదంతా చదవకపోయినా ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి: ఈ మీటర్ మూత తీసి బ్యాటరీని ముట్టుకునే ముందు, లోపలి అంకెలు చదివి ఫైల్‌లో పెట్టుకోండి.

మేం ఉండేది కె.ఆర్.పురం. మెట్రోలో మెజెస్టిక్ దాకా వెళ్ళి, గ్రీన్ లైన్ మారి చిక్కపేటలో దిగితే ఎస్.పి. రోడ్డు నడిచే దూరం. శనివారం పొద్దున్నే వెళ్ళడం మంచిది. ఆదివారం చాలా షాపులు తీయరు. నేను కొన్న షాపాయనది హిందూపురం వైపు. రెండు మాటలు వినగానే తెలుగులోకి వచ్చేశాడు. "అమెరికా నుంచి వచ్చిన లాటు మేడమ్, ల్యాబ్ సామాను. ఆన్ అయితాది, దాని తర్వాత గ్యారంటీ ఏం లేదు" అన్నాడు. ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి తగిలించి ఆన్ చేసి చూపించాడు. స్క్రీన్ మీద "సెల్ఫ్ టెస్ట్ ఓకే" అని ఇంగ్లీషులో వచ్చింది, ఆ తర్వాత దాని బస్ అడ్రస్ (కంప్యూటర్ దాన్ని పిలిచే నంబరు) 23 అని చూపించింది. నాకు ఆ మొదటి లైన్ చాలు. కాలిబ్రేషన్ పోయి ఉంటే "అన్‌కాలిబ్రేటెడ్" అని వచ్చి ఉండేది. అప్పుడు దాన్ని సగం ధరకి కూడా తీసుకునేదాన్ని కాదు.

ఇంటికి తెచ్చాక ప్లగ్ పెట్టే ముందు వెనుక వైపు చూడండి. వోల్టేజి ఎంచుకునే స్విచ్‌లు ఉంటాయి. నా మీటర్ 120 వోల్టుల మీద ఉంది. 240కి మార్చి, అక్కడే రాసి ఉన్న విలువ చూసి ఫ్యూజ్ కూడా మార్చాను. షాపులో ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు వాడాడో అర్థమైంది. అమెరికా నుంచి రావడం వల్ల ఇంకో తేడా కూడా ఉంది. అది మూడు నెలల తర్వాత గాని బయటపడలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ రాత్రి సర్వీస్ మాన్యువల్ చదువుతూ కూర్చున్నాను. ఈ మీటర్‌లో తిప్పి సరిచేసే పొటెన్షియోమీటర్లు ఉండవు. ప్రతి రేంజ్‌కి ఎంత సవరణ కావాలో ఆ అంకెలన్నీ ఒక చిన్న సీమాస్ ర్యామ్‌లో (చాలా తక్కువ కరెంటుతో నిలిచే మెమరీ చిప్‌లో) ఉంటాయి. 256 గదులు, ఒక్కో గదిలో నాలుగు బిట్లు. మీటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ ర్యామ్‌ని బతికించేది బోర్డుకి సోల్డర్ చేసిన ఒక 3 వోల్టుల లిథియం బ్యాటరీ. అది అయిపోతే మీటర్ పని చేస్తూనే ఉంటుంది, కానీ అది చూపించే అంకెకి అర్థం ఉండదు. నా మీటర్ మీద అతికించిన కాలిబ్రేషన్ స్టిక్కర్ 2003 నాటిది. బ్యాటరీ ఎప్పుడు మార్చారో, అసలు మార్చారో లేదో తెలియదు. ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. ఏ రోజు పొద్దున స్విచ్ వేస్తే ఏమవుతుందో అనే భయం అప్పుడే మొదలైంది.

అంకెలు పోతే మళ్ళీ కాలిబ్రేట్ చేయించుకోవచ్చు కదా అనుకోవచ్చు. నేను అడిగిన చోట్ల కొలిచి సర్టిఫికెట్ ఇస్తామన్నారు గాని, ఇంత పాత మీటర్‌ని సరిచేసి పెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆ రెండూ వేరు వేరు పనులని ఫోన్ చేసేదాకా నాకు తెలియదు. మీరు అడిగేటప్పుడు "అడ్జస్ట్‌మెంట్ చేస్తారా" అని విడిగా అడగండి.

లోపలి అంకెలు చదవడానికి దారి ఒక్కటే: వెనుక ఉన్న 24 పిన్నుల జీపీఐబీ సాకెట్. హ్యూలెట్ ప్యాకర్డ్ వాళ్ళు 1960ల చివర్లో తమ పరికరాల కోసం తయారు చేసుకున్న బస్ ఇది. 1975లో ఐఈఈఈ-488 పేరుతో ప్రమాణం అయింది. దీనికి రెడీమేడ్ యూఎస్‌బీ అడాప్టర్లు దొరుకుతాయి. కొత్తది కొనాలంటే నా మీటర్ ధరకి ఎన్నో రెట్లు. మా ఆఫీసు ల్యాబ్‌లో ఒకటి ఉంది. కానీ ఆఫీసు వస్తువు ఇంటికి తేకూడదు, సొంత వస్తువు లోపలికి తీసుకెళ్ళాలంటే గేట్ పాస్, దానికి మేనేజర్ సంతకం, సెక్యూరిటీ దగ్గర సీరియల్ నంబర్ రాయించుకోవడం. వైట్‌ఫీల్డ్‌లో పని చేసేవాళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదు. పైగా ఒక్కసారి చదివి వదిలేయడం నాకు సరిపోదు. మీటర్ నా టేబుల్ మీదే ఉండి, రాత్రంతా రీడింగులు తీసి పెట్టాలి. అందుకే సొంతంగా చేసుకోవాలని నిర్ణయించుకున్నాను.

మైక్రోకంట్రోలర్‌గా ఆర్డ్యునో ఊనో తీసుకున్నాను, స్థానికంగా అమ్మే క్లోన్ బోర్డు, 550 రూపాయలు. ఇంట్లో పైకో, ఈఎస్‌పీ32 అనే ఇంకో రెండు రకాల మైక్రోకంట్రోలర్ బోర్డులూ ఉన్నాయి, వేగంలో ఊనో వాటి దరిదాపుల్లోకి కూడా రాదు. కానీ ఈ బస్ 5 వోల్టుల కాలం నాటిది, ఆ రెండు బోర్డులవి 3.3 వోల్టుల పిన్నులు. మధ్యలో వోల్టేజి మార్చే లెవెల్ షిఫ్టర్లు పెట్టడం ఇష్టం లేదు. జీపీఐబీకి సిగ్నల్ లైన్లు 16: డేటాకి 8, హ్యాండ్‌షేక్‌కి (సిద్ధమా, అందిందా అని చెప్పుకోవడానికి) 3, అదుపు చేయడానికి 5. ఊనోలో మొత్తం 20 పిన్నులు. యూఎస్‌బీ వైపు మాట్లాడే రెండూ పోతే 18. అంటే 16 లైన్లూ పట్టి ఇంకా రెండు మిగులుతాయి. ఆ లెక్క చూడగానే ధైర్యం వచ్చింది.

వేగం గురించి నాకున్న అనుమానం కూడా బస్ పనిచేసే పద్ధతి చదివాక పోయింది. ఇది పంక్తి భోజనం లాంటిది. చివరి విస్తరిలో పడేదాకా తర్వాతి వంటకం కదలదు. ఒక బైట్ పంపే పరికరం, వినేవాళ్ళందరూ "సిద్ధం" అనేదాకా ఆగుతుంది, "అందింది" అనేదాకా ఆ బైట్‌ని అలాగే పట్టుకుంటుంది. ఎవరు నెమ్మదైతే వాళ్ళదే వేగం. కాబట్టి 16 మెగాహెర్ట్జ్ చిప్ దీనికి సరిపోతుంది. అరవైల్లో కూర్చుని, రాబోయే నెమ్మది పరికరాలను, వేగం పరికరాలను ఒకే తీగ మీద కూర్చోబెట్టే పద్ధతి ఆలోచించిన ఇంజనీర్ల మీద నాకు గౌరవం పెరిగింది.

అసలు ఇబ్బంది నేను ఊహించని చోట వచ్చింది: కనెక్టర్. డిసెంబరు మొదటి వారమంతా దానికే పోయింది. ఎస్.పి. రోడ్డులో పాత ప్రింటర్లకి వాడే 36 పిన్నులది ఎక్కడైనా ఉంది. టెలిఫోన్ వాళ్ళ 50 పిన్నులది కూడా దొరికింది. 24 పిన్నులది మాత్రం లేదు. "సెంట్రోనిక్స్ కావాలా" అని (ఈ తరహా కనెక్టర్లని అలా పిలుస్తారు) ప్రతి కౌంటర్‌లోనూ 36 పిన్నులది తీసి చూపిస్తారు. చివరికి మీటర్ అమ్మిన హిందూపురం అన్నే దారి చూపించాడు. స్క్రాప్ గోనెలోంచి ఒక పాత జీపీఐబీ కేబుల్ లాగి, "దీన్ని కోసేసుకోండి మేడమ్, ఒక తలకాయ మీకు చాలు కదా" అన్నాడు. 900 రూపాయలు. మొదట్లోనే ఇది తట్టి ఉంటే ఆ వారం మిగిలేది. కనెక్టర్ కోసం వెతక్కండి, కేబుల్ కొని కోయండి.

కోసే ముందు రెండు విషయాలు. ఈ కేబుల్ బొటనవేలంత లావు ఉంటుంది, లోపల అల్లిక షీల్డు, దాని కింద రేకు. మామూలు కట్టర్ సరిపోలేదు. రెండోది, లోపలి వైర్ల రంగులకి ఒక నియమం లేదు. నెట్‌లో దొరికిన రంగుల పట్టిక నా కేబుల్‌కి ఒక్క చోట కూడా కలవలేదు. అందుకని కంటిన్యుటీ బీప్ పెట్టుకుని ఒక్కో పిన్ను నుంచి ఒక్కో వైరు వెతికి, మాస్కింగ్ టేప్ మీద నంబరు రాసి అతికించాను. 1 నుంచి 4 డేటా లైన్లు, మిగతా నాలుగు డేటా లైన్లు అవతలి వరసలో 13 నుంచి 16. 5 నుంచి 11 దాకా అదుపు లైన్లు, హ్యాండ్‌షేక్ లైన్లు. 12 షీల్డు. 17 రిమోట్ లైన్. 18 నుంచి 24 దాకా గ్రౌండ్లు. గ్రౌండ్లన్నీ కలిపి సోల్డర్ చేయండి, ఒకటి చాలులే అని వదలొద్దు. ఒక జీరో పీసీబీ (చిల్లులున్న ఖాళీ బోర్డు) మీద బెర్గ్ స్ట్రిప్ (పిన్నుల వరస) పెట్టి, ఊనో మీద ఇంకో అంతస్తులా కూర్చునేట్టు చేశాను. ప్రతి వైరుకీ హీట్ ష్రింక్ స్లీవ్. రెండు ఆదివారాలు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పట్టింది, మెడ పట్టేసింది.

ఆర్డ్యునో తగిలించే ముందు మీటర్ ఆన్ చేసి, కేబుల్ తెగిన కొసల్లో ఒక్కో సిగ్నల్ వైరు మీద వోల్టేజి చూశాను. ఎవరూ పట్టి ఉంచని లైన్ల మీద 3.3, 3.4 వోల్టుల దగ్గర వచ్చింది. 5 వోల్టులు రావాలి కదా అని కంగారు పడకండి. ప్రమాణం ప్రకారం ప్రతి పరికరంలోనూ ప్రతి లైనుకీ 5 వోల్టుల వైపు 3 కిలో ఓమ్స్, గ్రౌండ్ వైపు 6.2 కిలో ఓమ్స్ ఉంటాయి. ఆ రెండింటి మధ్య లెక్క కడితే సరిగ్గా అంతే వస్తుంది. 5 వోల్టుల మీద నడిచే ఊనో చిప్ 3 వోల్టులు దాటితే దాన్ని "ఒకటి" అని ఒప్పుకుంటుంది. అంటే మిగులు చాలా తక్కువ. అందుకే నేను తీగ పొడవు పెంచలేదు, అర మీటరుకి కోసేశాను.

ప్రోగ్రాం నేను మొదటి నుంచి రాయలేదు. ఏఆర్488 అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే ప్రోగ్రాం) ఉంది, ఊనోకి సిద్ధంగా ఉంటుంది; అది ఎక్కిస్తే ఊనోయే జీపీఐబీ అడాప్టర్ అవుతుంది. రెండు ప్లస్ గుర్తులతో మొదలయ్యే ఆదేశాలు అడాప్టర్‌కి, మిగతావి మీటర్‌కి. డిసెంబరు 22 ఆదివారం రాత్రి దాన్ని ఎక్కించి, పైథాన్‌లో నాలుగు లైన్లు రాసి పంపితే ఏమీ రాలేదు. మళ్ళీ పంపినా అంతే. సీరియల్ మానిటర్‌లో చేత్తో టైప్ చేస్తే మాత్రం జవాబు వస్తోంది. తేడా ఏమిటో తెలియడానికి అర్ధరాత్రి దాటింది. పైథాన్ పోర్టు తెరిచిన ప్రతిసారీ ఊనో రీసెట్ అవుతుంది. బూట్‌లోడర్ (బోర్డు మొదలవగానే నడిచే చిన్న ప్రోగ్రాం) తేరుకునే ఆ ఒకటి రెండు సెకన్లలో పంపినవన్నీ గాలికి పోతాయి. పోర్టు తెరిచాక రెండు సెకన్లు ఆగేట్టు చేస్తే సరిపోయింది. తర్వాత రీసెట్ పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య ఒక 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి ఆ రీసెట్‌నే ఆపేశాను. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాలంటే మాత్రం ఆ కెపాసిటర్ తీయాలి. అందుకే సోల్డర్ చేయకుండా సాకెట్‌లో గుచ్చి వదిలాను.

మీటర్ నుంచి వచ్చిన మొదటి రీడింగ్ ల్యాప్‌టాప్ మీద కనిపించినప్పుడు నా చేతులు వణికాయి, అబద్ధం కాదు. నలభై ఏళ్ళ నాటి వస్తువు జవాబిచ్చింది! ఈ మీటర్‌లో ఇంకో చక్కటి ఆదేశం ఉంది. డీ2 అని పంపి దాని వెనక ఏదైనా రాస్తే 12 అక్షరాల దాకా స్క్రీన్ మీద చూపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో నమస్కారం అని పంపాను, వెలిగింది. పొద్దున్నే మా అమ్మాయి చూసి తన పేరు వేయమంది. ఆ రోజు స్కూలుకి వెళ్ళేదాకా మీటర్ మీద దాని పేరే ఉంది.

కాలిబ్రేషన్ చదవడం మాత్రం వెంటనే మొదలుపెట్టలేదు. ముందు నెల రోజుల పాటు మామూలు రీడింగులే తీస్తూ కేబుల్ మీద నమ్మకం తెచ్చుకున్నాను. సంక్రాంతికి మదనపల్లె వెళ్ళి వచ్చాక, జనవరి 18 శనివారం కూర్చున్నాను. ముందు భాగంలో స్క్రూడ్రైవర్‌తో తిప్పే కాలిబ్రేషన్ స్విచ్ ఒకటి ఉంటుంది. చదవడానికి దాన్ని ముట్టుకోనక్కర్లేదు, ముట్టుకోవద్దు కూడా. అది ఆన్ అయితేనే ర్యామ్‌లో రాత సాధ్యం. ఆఫ్‌లో ఉన్నంతసేపు మన ప్రోగ్రాం ఎంత పిచ్చిగా ప్రవర్తించినా లోపలి అంకెలు చెదరవు. ఈ సంగతి తెలిశాకే నాకు గుండె కుదుటపడింది.

చదివే పద్ధతి సులువే. డబ్ల్యూ అనే అక్షరం, దాని వెనక గది నంబరు ఒక బైట్‌గా పంపితే, మీటర్ ఒక అక్షరం తిరిగి పంపుతుంది. దాని ఆస్కీ విలువ (కంప్యూటర్‌లో ఆ అక్షరానికి ఉన్న నంబరు) 64 నుంచి 79 మధ్య ఉంటుంది. 64 తీసేస్తే ఆ గదిలో ఉన్నది, అంటే 0 నుంచి 15 లోపు ఒక సంఖ్య. 0 నుంచి 255 దాకా ఒక లూప్ రాసి వదిలాను. 10 దగ్గర ఆగిపోయింది.

ఇది నాకు ఒక సాయంత్రం మొత్తం తిన్న విషయం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. గది నంబరు 10ని ఒక బైట్‌గా పంపితే, అడాప్టర్ దృష్టిలో అది లైన్ ముగింపు గుర్తు. 13 కూడా అంతే. 27 అంటే ఎస్కేప్, 43 అంటే ప్లస్ గుర్తు. ఈ నాలుగింటినీ అడాప్టర్ తనకోసం వచ్చినవనుకుని మింగేస్తుంది, మీటర్ దాకా పోనివ్వదు. మీటర్‌కి ఒట్టి డబ్ల్యూ చేరి, వెనక నంబరు కోసం కాచుకుని కూర్చుంటుంది. ఆ నాలుగు నంబర్ల ముందు ఒక 27 అదనంగా పెడితే అడాప్టర్ వాటిని మాటల్లో భాగంగా తీసుకుని యథాతథంగా పంపుతుంది. దాంతో పాటు, మన మాట చివర అడాప్టర్ తనంతట తాను లైన్ ముగింపు కలపకుండా ఈఓఎస్ అనే అమరికను 3కి మార్చాలి. ఈ రెండూ చేశాక 255 దాకా ఆగకుండా పోయింది. ఒక నిమిషం కూడా పట్టలేదు.

ఒకసారి చదివి ఆపొద్దు. నేను రెండోసారి చదువుతుండగా కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ వెలుగులో మీటర్ నల్లగా ఉంది. అప్పటికి ఒక కాపీ చేతిలో ఉంది, కానీ అది సరైనదో కాదో ఇంకా తెలియదు. బ్యాటరీ ఆ పాత బ్యాటరీయే. మా ఆయన ఇన్వర్టర్ స్విచ్ చూడటానికి వెళ్ళారు, నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. ఇరవై నిమిషాల తర్వాత కరెంటు వచ్చి "సెల్ఫ్ టెస్ట్ ఓకే" అని పడ్డప్పుడు గాని ఊపిరి సరిగ్గా ఆడలేదు. మర్నాడే ఆఫీసులో వాడి పక్కన పెట్టిన ఒక చిన్న యూపీఎస్‌ని కొలీగ్ దగ్గర 1,200కి కొన్నాను.

కాపీ సరైనదేనా అని తేల్చుకోవడానికి ఆ అంకెల్లోనే దారి ఉంది. మొదటి గదిని వదిలేస్తే, దాని తర్వాతివి 13 గదుల చొప్పున 19 గుంపులు, చివర్లో 8 గదులు మిగిలిపోతాయి. ఒక్కో గుంపులో 6 గదులు సున్నా సవరణకి, 5 గదులు గెయిన్‌కి (కొలతని ఎంతతో గుణించాలో ఆ సవరణకి), చివరి రెండూ సరిచూసుకోవడానికి. మొదటి 11 సంఖ్యలు కూడి, చివరి రెండు గదుల్ని ఒక బైట్‌గా కలిపితే మొత్తం 255 రావాలి. మీటర్ వాడని గుంపులు కొన్ని ఉంటాయి, అవి కలవకపోయినా భయపడొద్దు. వాడే గుంపులన్నీ నా ఫైల్‌లో 255కి కలిశాయి. తర్వాత చదివిన కాపీలు కూడా అక్షరం తేడా లేకుండా మొదటి దానితో కలిశాయి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి, కాగితం మీద ప్రింట్ తీసి మీటర్ మాన్యువల్‌లో ఒకటి పెట్టాను. నవంబరు నుంచి మొదటిసారి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఫిబ్రవరి 8, శనివారం బ్యాటరీ మార్చాను. ట్యాగులు ఉన్న 3 వోల్టుల లిథియం సెల్ ఎస్.పి. రోడ్డులో దొరికినవి ఎప్పటివో తెలియలేదు, తయారీ తేదీ లేనిది కొనబుద్ధి కాలేదు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే పది రోజులకి వచ్చింది, 420 రూపాయలు. మీటర్ ప్లగ్ పీకి, మూత తీసి పాత బ్యాటరీ కొలిస్తే 2.81 వోల్టులు. లిథియం సెల్ తన జీవితంలో ఎక్కువ భాగం 3 వోల్టుల దగ్గరే నిలబడి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. నేను సరైన సమయానికే వచ్చాను.

కాపీ ఉన్నా సరే, ర్యామ్‌కి సరఫరా తెగకుండా మార్చాలనుకున్నాను. రెండు పెన్సిల్ సెల్స్ హోల్డర్‌లో పెట్టి, వరసలో కరెంటుని ఒకే వైపు పోనిచ్చే ఒక 1ఎన్4148 డయోడ్ వేసి, బ్యాటరీ కాళ్ళు కలిసే ట్రాక్‌ల మీద వేరే చోట సన్నటి వైర్లతో అతికించాను. డయోడ్ ఎందుకంటే, కొత్త పెన్సిల్ సెల్స్ రెండూ కలిపి 3.2 వోల్టులు ఉంటాయి, అవి పాత లిథియం సెల్‌లోకి కరెంటు తోయకూడదు. డయోడ్‌లో కొంత తగ్గినా ఆ ర్యామ్ 2 వోల్టుల మీద కూడా తన అంకెల్ని నిలుపుకుంటుంది. సోల్డరింగ్ ఐరన్ బాగా వేడెక్కాక, బోర్డుకి తాకించే ప్రతిసారీ ప్లగ్ పీకేశాను, లీకేజి భయం లేకుండా. పాతది డీసోల్డర్ పంప్‌తో తీయడం, కొత్తది పెట్టడం కలిపి అరగంట లోపే. ఇన్ని వారాల టెన్షన్‌కి కారణమైన పని అరగంటలో అయిపోయింది. మూత పెట్టకుండానే ఆన్ చేసి, మళ్ళీ 256 గదులూ చదివి పాత ఫైల్‌తో పోల్చాను. ఒక్క తేడా లేదు.

ఇప్పుడు ఆ అమెరికా సంగతి. బ్యాటరీ మార్చాక, ఒక 10 వోల్టుల రిఫరెన్స్‌ని (కదలని వోల్టేజి ఇచ్చే పరికరాన్ని) మీటర్‌కి తగిలించి రాత్రంతా రీడింగులు తీశాను. గ్రాఫ్ వేసి చూస్తే చివరి అంకెలు ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఊగుతున్నాయి. స్క్రీన్ మీద చూస్తే ఇది తెలియదు, వేల రీడింగులు పక్కపక్కన పెడితేనే కనపడింది. రిఫరెన్స్ మార్చాను, తీగలు మెలితిప్పాను, ఫ్యాన్ ఆపాను. చివరికి మీటర్ తన అమరికల్ని తెలిపే స్టేటస్ బైట్లు చదివితే తెలిసింది, అది 60 హెర్ట్జ్ అమరికలో ఉంది. ఈ మీటర్ కొలిచే సమయం కరెంటు అలల వ్యవధికి సరిగ్గా సరిపోవాలి, అప్పుడే గాల్లోంచి, తీగల్లోంచి వచ్చే హమ్ (ఇంటి కరెంటు వల్ల కలిసే అలజడి) తనంతట తనే రద్దవుతుంది. మన 50 హెర్ట్జ్‌కి ఆ లెక్క తప్పుతుంది. వెనుక అడ్రస్ పెట్టే చిన్న స్విచ్‌ల వరసలోనే దీనికీ ఒక స్విచ్ ఉంది. మార్చి, మీటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాక ఊగడం దాదాపు పోయింది. బయట నుంచి తెప్పించిన మీటర్ ఏది కొన్నా వోల్టేజి స్విచ్‌తో పాటు ఇది కూడా చూసుకోండి.

ఇంకా మిగిలిన పని ఒకటి ఉంది. ఊనో పిన్ను ఒక్కోటి 20 మిల్లీయాంప్స్ దాకా హాయిగా లాగగలదు, ప్రమాణం అడిగేది 48. ఒక్క మీటర్‌తో ఏ ఇబ్బందీ లేదు. ఎక్కువ పరికరాలు ఒకే బస్ మీద కలపాలంటే ఎస్ఎన్75160, ఎస్ఎన్75161 అనే డ్రైవర్ చిప్‌లు మధ్యలో పెట్టాలి. ఇంకో లాభం కూడా ఉంది. ఇప్పుడు ఊనోకి యూఎస్‌బీ పీకేస్తే అది బస్ లైన్లను కిందికి లాగేస్తుంది, డ్రైవర్ చిప్‌లు ఉంటే ఆ బాధ ఉండదు. ఆ చిప్‌లు ఆర్డర్ పెట్టి మూడు వారాలైంది, ఇంకా రాలేదు. ఊనోలో మిగిలిన ఆ రెండు పిన్నులూ వాటి దిశ మార్చడానికి సరిపోతాయి.

ఖర్చు అడిగేవాళ్ళ కోసం: మీటర్, యూపీఎస్ పక్కన పెడితే, ఊనో, కేబుల్, జీరో పీసీబీ, స్లీవ్‌లు, ప్లాస్టిక్ డబ్బా, బ్యాటరీ అన్నీ కలిపి రెండున్నర వేలు దాటలేదు. ఎస్.పి. రోడ్డు రాకపోకలు, అక్కడ తిన్న దోసెలు ఇందులో కలపలేదు.

మా ఆఫీసులో కాలిబ్రేషన్ చూసే సీనియర్ ఒకాయన దగ్గర కూడా ఇదే మోడల్ సొంత మీటర్ ఉందని ఈ మాటల్లోనే తెలిసింది. ఏళ్ళ తరబడి అటక మీద ఉందట. పోయిన ఆదివారం దాన్ని మా ఇంటికి తెచ్చారు. ఆన్ చేసే ముందు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "సెల్ఫ్ టెస్ట్ ఓకే" అని వచ్చింది. మాట్లాడకుండా కేబుల్ తగిలించి, అంకెలు చదివి, గుంపులన్నీ 255కి కలిసేదాకా ఆయన కాఫీ కూడా ముట్టుకోలేదు. తర్వాత మూత తీసి కొలిస్తే బ్యాటరీ 2.4 వోల్టులు ఉంది. కొత్త సెల్ కోసం ఆ సాయంత్రమే ఆర్డర్ పెట్టాం. అది వచ్చేదాకా ఆయన మీటర్ మా టేబుల్ మీదే, యూపీఎస్‌కి తగిలించి ఆన్‌లో ఉంది.